అక్షింతల పురుగుల పెండ్లిపాట

పెండ్లి యనగానే ముందుగా కన్నులకు కట్టునది పందిరి. కాని ఏండ్లు గడచిన పిదప ఆ పెండ్లిని మరల మనసునకు తెచ్చునది పాట. ఫోటోలు వెలిసిపోవును, పట్టుచీరలు పెట్టె అడుగున చివికిపోవును. ఆనాడు విన్న స్వరమొక్కటి చెవిని సోకినచో బంధువుల ముఖములన్నియు వరుసగా వచ్చి నిలుచును. మన యిండ్లలో అప్పగింతల పాటలకు, బంతులాట పాటలకు గల బలమిట్టిది. జపాను దేశమున అట్టి బలము గల పాట యొకటి కలదు. అది మంత్రము కాదు. తాతముత్తాతలనాటి పల్లెపదమును కాదు. 1973వ సంవత్సరము జూలై నెలలో గ్రామఫోను రికార్డుగా అంగళ్లకు వచ్చిన ఒక సరదా పాట. దాని పేరు "తెంతోముషి నో సాంబా".

తెంతోముషి యనగా మన రైతులకు సుపరిచితమైన అక్షింతల పురుగే. గుండ్రని చిన్న శరీరము, ఎఱ్ఱని వీపు, దానిమీద నల్లని చుక్కలు. పైరునకు పట్టిన పేనుబంకను తిని రైతునకు మేలుచేయు పురుగు. జపాను భాషలో "తెంతో" అనగా సూర్యభగవానుడు. ఈ పురుగు ఎప్పుడును కొమ్మ చివరకు ఎగబ్రాకి అచ్చటినుండి వెలుగువైపు ఎగురును గనుక దానిని సూర్యుని పురుగు అనిరి. మన భాష దానికి అక్షింతల పేరు పెట్టినది. రెండు దేశముల వారును ఒకరినొకరు అడిగి పెట్టుకొన్న పేర్లు కావివి. అయినను జపానులో ఆ పురుగు పెండ్లిపాటలోనికి వచ్చెనని విన్నపుడు తెలుగువానికి పరాయితనము తోచదు.

పాటలోని కథ మిక్కిలి చిన్నది. ఒక పడుచుపిల్ల తన ప్రియునితో చెప్పుచున్నది: కలల దేశమున, అడవిలోని చిన్న చర్చిలో మనమిద్దరము పెండ్లియాడితిమి అని. రంగురంగుల దుస్తులు తొడిగిన అక్షింతల పురుగులు ముందునకు వచ్చి, ముద్దు పెట్టుకొనుడని ఆటపట్టించును. సాంబా నృత్యము చేయును. అంతే. ఈ పెండ్లిలో తల్లి లేదు, తండ్రి లేడు, మధ్యవర్తి లేడు, పుట్టినిల్లు విడుచు దుఃఖము లేదు. ఆటపట్టించునవి పురుగులే. ఇంత తేలికయైన పాట ఒక దేశపు పెండ్లిండ్లలో స్థిరముగా నిలిచిపోవుటకు కారణమేమి? ఆ కారణమును వెదకినచో పాట కథ కాస్త జపాను కుటుంబ చరిత్రగా మారును.

అంతకుముందు జపాను పెండ్లిండ్లలో పాడినదేమి, పాడినవారెవరు అన్నది మొదట చూతము. వారి పురాతనమైన పెండ్లిపాట "తకసాగో". ఇది నో నాటక సంప్రదాయమునకు మూలపురుషులలో నొకడైన జెయామి రచించిన నాటకము. ఇప్పటికి సుమారు ఆరువందల ఏండ్ల నాటిది. క్యూషూ ద్వీపమునుండి బయలుదేరిన అర్చకుడొకడు తకసాగో తీరమున ఒక పైన్ వృక్షము క్రింద రాలిన ఆకులు ఊడ్చుచున్న ముసలి దంపతులను చూచును. వారు మనుష్యులు కారు. ఒకరు ఆ తీరపు వృక్షమునకును, ఒకరు దూరమున సుమియోషి తీరమున నున్న వృక్షమునకును ఆత్మలు. నడుమ నెంత దూరమున్నను ఒక్క ప్రాణముగా ముసలితనమువరకు మనిన ఆ జంట ఆదర్శ దాంపత్యమునకు గుర్తైనది. ఆ నాటకములోని కొన్ని చరణములను పెండ్లివిందులో గానము చేయుట ఆచారమైనది.

ఆ గానము చేయువాడు ఎవడో పడుచువాడు కాదు. నో గానము నేర్చిన పెద్దమనిషి. అతడు కూర్చుండి గంభీరముగా పాడుచుండగా సభ నిశ్శబ్దముగా వినవలెను. అతడు ఒక జాగ్రత్త కూడ తీసికొనును. మూలములో వెడలుట, దూరము అను అర్థము వచ్చు మాటలున్నవి. పెండ్లిలో అవి అశుభములని వచ్చుట, సమీపము అను మాటలు పెట్టి పాడును. తెగుట, విడిపోవుట, మరలి పోవుట అను అర్థములు గల మాటలు నేటికిని జపాను పెండ్లి ఉపన్యాసములలో వినబడవు. విందు ముగిసినదని కూడ అనరు. "తెరచుచున్నాము" అని చెప్పి సభ చాలింతురు. దీపము ఆరినదనుటకు మారుగా కొండెక్కినదను మనకు ఈ పట్టింపు సులభముగ బోధపడును.

పెద్దలు పాడుట, పిన్నలు వినుట అను ఈ ఏర్పాటు వెనుక శాసనబలము కూడ నుండెడిది. 1898లో అమలునకు వచ్చిన పౌరస్మృతి ప్రకారము ఇల్లు అనునది ఒక వ్యవస్థ. దానికి యజమాని యొకడు. వివాహమునకు ఆ యజమాని సమ్మతి కావలెను. ముప్పది యేండ్లు నిండని పురుషునకును, ఇరువదియైదేండ్లు నిండని స్త్రీకిని తల్లిదండ్రుల సమ్మతి తప్పనిసరి. కోడలు ఒక పురుషుని భార్య యగుటకంటె ముందు ఒక ఇంటి మనిషి యగుచుండెను. 1930 దశకమున పదింట ఏడు పెండ్లిండ్లు పెద్దలు కుదిర్చినవే యని తరువాతి సర్వేలు తెలుపుచున్నవి.

పెండ్లి జరుగు చోటు కూడ ఈ కాలములోనే మారుచుండెను. పూర్వము తంతు ఇంటిలోనే జరిగెడిది. వధూవరులు మూడు గిన్నెలలో మూడేసి గుక్కలుగా సాకే మద్యము పుచ్చుకొనుటతో పెండ్లి స్థిరపడెడిది. 1900వ సంవత్సరము మే నెలలో యువరాజు యోషిహితో వివాహము రాజప్రాసాదములోని షింతో దేవస్థానము నెదుట జరిగెను. ఆ మాదిరిని అనుసరించి టోకియో నగరమున హిబియా ప్రాంతపు దేవాలయమున సామాన్యులకు కూడ పెండ్లి జరిపించు పద్ధతి ఆరంభమైనది. నేడు మిక్కిలి పురాతనమని అనేకులు భావించు షింతో దేవాలయ వివాహము వాస్తవముగా ఇరువదవ శతాబ్ది సంతానము. 1923 సెప్టెంబరులో మహాభూకంపము టోకియోను నేలమట్టము చేసిన పిదప ఇంపీరియల్ హోటలు తన భవనములోనే దేవస్థానమును నెలకొల్పి, తంతును విందును ఒకే చోట నడుపసాగినది. పెండ్లి ఇంటి గడప దాటి హోటలు మెట్లెక్కినది. కాని పాట ఇంకను పెద్దమనిషి నోటనే యున్నది.

యుద్ధానంతరము మూలమే కదలినది. 1946 నవంబరు 3న ప్రకటింపబడి, 1947 మే 3న అమలునకు వచ్చిన నూతన రాజ్యాంగములోని 24వ అధికరణము వివాహమునకు స్త్రీపురుషుల పరస్పర సమ్మతి యొక్కటే ఆధారమని నిర్ణయించినది. ఆ భాగపు తొలి ముసాయిదాను వ్రాసినది బేయటె సిరోటా అను ఇరువదిరెండేండ్ల యువతి. ఆమె తండ్రి టోకియోలో సంగీతము నేర్పిన పియానో విద్వాంసుడు. ఆమె బాల్యము ఆ నగరముననే గడచినది. తమకు తెలియని యింటికి మాట్లాడక తరలిపోవు పడుచులను ఎరిగినది కనుక ఆమె ఈ అధికరణమునకై పట్టుదలతో పనిచేసెను. 1948 ఆరంభమునుండి సవరించిన పౌరస్మృతి గృహయజమాని అధికారమును తొలగించినది.

అయినను చట్టము మారిననాడే మనసులు మారవు. పెద్దలు కుదుర్చు సంబంధములే మరి రెండు దశాబ్దములు హెచ్చుగా నుండెను. 1959 ఏప్రిల్ 10న యువరాజు అకిహితో సామాన్య కుటుంబమునుండి వచ్చిన షోదా మిచికోను వివాహమాడుట ఒక మలుపు. వారిద్దరు 1957లో కరుయిజావా అను కొండ విడిదిలో టెన్నిసు ఆడుచు పరిచితులైరి. ఆ ఊరేగింపును చూచుటకై లక్షలాది కుటుంబములు టెలివిజను కొనెను. తమ యువరాజే ఎరిగిన పిల్లను కోరి చేసికొన్నాడను మాట ప్రతి యింటను వినబడినది. అరువదుల చివరి సంవత్సరములకు తాము వలచి చేసికొన్నవారి సంఖ్య కుదిర్చిన పెండ్లిండ్ల సంఖ్యను దాటినది.

సరిగా ఆ సమయముననే ఒక పెద్ద తరము పెండ్లీడునకు వచ్చినది. యుద్ధము ముగిసి సైనికులు ఇండ్లకు చేరిన పిమ్మట 1947 మొదలు 1949 వరకు జపానులో ఏటేట సుమారు 27 లక్షల శిశువులు జన్మించిరి. 1973 నాటికి వారికి ఇరువదినాలుగు మొదలు ఇరువదియారు వరకు ఏండ్లు. 1970 నుండి 1974 వరకు ఆ దేశమున ఏటికి పదిలక్షలకు మించిన వివాహములు జరిగినవి. 1972లో ఆ సంఖ్య పదకొండు లక్షలను దాదాపుగ అందుకొన్నది. హోటళ్లు, పెండ్లిశాలలు శుభదినములలో ఒక విందు వెంట ఒక విందు నడిపెను. ఇందరు పడుచువారు, ఇన్ని సభలు. వానిలో స్నేహితులు, తోడి ఉద్యోగులు బంధువులతో సమానముగా కూర్చుండిరి. వారికి పాడుకొనుటకు ఒక పాట కావలసివచ్చినది.

పాటలు రాకపోలేదు. 1971లో "హనయోమె", అనగా పెండ్లికూతురు, అను పాట వచ్చినది. అందులో పిల్ల ఒంటరిగా రాత్రి రైలెక్కి ప్రియునికడకు పోవుచున్నది. 1972లో కోయనాగి రుమికో పాడిన "సెతో నో హనయోమె" దేశమంతట మారుమ్రోగినది. సెతో సముద్రమున ఒక దీవినుండి మరియొక దీవికి చిన్న పడవలో కోడలై తరలు పిల్ల, ఒడ్డున ఏడ్చు తమ్ముడు. ఇది అచ్చముగ మన అప్పగింతల పాట. అదే యేడు యొషిదా తకురో గిటారు పట్టి, పెండ్లి చేసికొందమని పడుచువాడు తానే అడుగు పాట నొకదానిని పాడి, ఆ సంవత్సరమే కరుయిజావా చర్చిలో తాను పెండ్లియాడెను. ఈ మూడింటిలోను పెండ్లికి ముందరి మాటయో, పుట్టిల్లు విడుచు బాధయో కలదు గాని పెండ్లిసభ నడుమ పదిమంది నిలిచి నవ్వుచు పాడుటకు తగిన బంతులాట పాట లేదు. ఆ ఖాళీలోనికి 1973 వేసవిలో అక్షింతల పురుగులు వచ్చి చేరెను.

పాటకు మాటలు కూర్చినవారు సైతో దైజో. స్వరము కూర్చినవారు మకైనో షున్‌ఇచి. పాడినది "చెరిష్" అను జంట. నగోయా నగరమున ఐదుగురు సభ్యులతో ఆరంభమైన ఈ బృందము 1971లో తొలి రికార్డు నిచ్చెను. పిమ్మట మత్సుజాకి యొషితాక, మత్సుయి ఎత్సుకో అను ఇద్దరే మిగిలిరి. ఎత్సుకో గొంతు పలుచనిది, తేటయైనది. విన్నవారికి అది వేదికమీది గాయని గొంతువలె గాక తమ స్నేహితురాలి గొంతువలె తోచును. స్వరమును అట్టిదే. పెద్ద ఆలాపనలు లేవు. ఎక్కువ తక్కువ స్థాయిలు లేవు. ఒకసారి విన్న పిల్లలు సైతము వెంట పాడవచ్చును. సాంబా యనునది బ్రెజిలు దేశపు లయ. 1908లో కసాతో మారు అను ఓడపై 781 మంది జపాను వలసదారులు ఆ దేశమునకు తరలినది మొదలు ఈ రెండు దేశములకు బంధుత్వము కలదు. అయితే ఈ పాటలో సాంబా పేరు తెచ్చినది శాస్త్రీయమైన లయను కాదు, పండుగ వేళను మాత్రమే.

ఆ యేడు డిసెంబరు 31 రాత్రి జపాను ప్రసార సంస్థ ఎన్. హెచ్. కె. వారి "కోహకు" గానసభకు చెరిష్ జంటకు ఆహ్వానము వచ్చినది. ఎఱుపు తెలుపు జట్లుగా గాయనీగాయకులు పోటీపడు ఈ సభ 1951 జనవరిలో రేడియో కార్యక్రమముగా పుట్టి, తరువాత టెలివిజనుకు చేరి, సంవత్సరాంతమున కుటుంబమంతయు కలిసి వినునట్టి ఆచారమైనది. ఆ శీతకాలము మాత్రము దేశమునకు గడ్డుకాలము. అక్టోబరులో పశ్చిమాసియా యుద్ధముతో చమురు ధరలు పెరిగి, నవంబరులో గృహిణులు కాగితపు చుట్టలకై సైతము అంగళ్లవద్ద బారులు తీరిరి. రెండు దశాబ్దముల శీఘ్రాభివృద్ధి ఆగిపోయినది. ఆ దిగులు నడుమ పెండ్లిండ్లు ఆగలేదు, ఈ పాటయు ఆగలేదు.

పెండ్లివిందులో ఈ పాట చేసిన పని యేమో చూతము. ఉపన్యాసములు ముగిసి, వధువు దుస్తులు మార్చుకొని మరల వచ్చిన వెనుక వినోద కార్యక్రమము వచ్చును. పెండ్లికూతురి స్నేహితురాండ్రు వరుసగా నిలిచి ఈ పాట నెత్తుకొందురు. పురుగులు ముద్దునకై ఆటపట్టించు చరణము రాగానే సభ యంతయు చప్పట్లు చరచును. వధూవరులు సిగ్గుపడుచు ఆ మాట చెల్లించువరకు కొన్ని సభలలో పాట ముందుకు సాగదు. ముద్దును చలనచిత్రములో చూపుటయే 1946లో వచ్చిన "హతాచి నో సేషున్" చిత్రముతో గొప్ప వార్తయైన దేశమది. తల్లిదండ్రుల యెదుట, పైయధికారి యెదుట అట్టి పని చేయుమని ఏ స్నేహితుడైనను నేరుగా అడుగగలడా? పాట అడిగినది. అడిగినవి పురుగులు గనుక ఎవరికిని కోపము రాలేదు. మన బంతులాట పాటలలో వియ్యపురాలిని ఎద్దేవా చేసినను ఆమె నవ్వవలసి వచ్చినట్లే, ఇచ్చటను పాట చాటున ఒక స్వేచ్ఛ దొరకినది.

మేము ముఖ్యముగా గమనింపదలచినది ఇదియే. "తకసాగో"ను పెద్దలు పాడిరి, దంపతులు వినిరి. అందులోని ఆశీర్వాదము ఇంటి దీర్ఘాయువునకు. "తెంతోముషి"ని ఈడువారు పాడిరి, పెద్దలు వినిరి. అందులోని వేడుక ఇద్దరి సంతోషమునకు. 24వ అధికరణము కాగితముమీద వ్రాసిన మాట పావు శతాబ్దము పిమ్మట పెండ్లిసభలలో ఒక పిల్లపాటగా వినబడినది. చట్టమును చదివి పెండ్లాడినవారు కొందరే. పాటను పాడి పెండ్లాడినవారు అనేకులు. చరిత్రకారులు శాసనములను, జనసంఖ్యలను వెదకుదురు. వానితోపాటు విందుశాలలో మైకు ఎవరి చేతిలో నుండెనో కూడ వెదకవలెను. 1971లో కోబె నగరమున ఇనోయె దైసుకే వాద్యములు మాత్రమే పలుకు పెట్టె నొకదానిని తయారుచేసి కరవోకె ఆటకు దారితీసెను. అది హోటళ్లకు చేరినపుడు పాటకుడు కానివాడు సైతము పాటకుడైనాడు. పెండ్లిపాట పెద్దమనిషి విద్యనుండి విడుదల యైనది.

ఇందులో నష్టము లేదా యని అడుగువారుండవచ్చును. ఉన్నది. నో గానము నేర్చి "తకసాగో"ను చక్కగా పాడగల పెద్దలు ఊరూర తగ్గిపోయిరి. పాటలోని అడవి చర్చి కూడ ఊరక పోలేదు. క్రైస్తవులు నూటికి ఒక్కరు మాత్రమే గల ఆ దేశమున 1990 దశకమునకు చర్చి తరహా వివాహములే హెచ్చైనవి. అట్టి వివాహమునకై హోటళ్లు చర్చివంటి మందిరములను కట్టించెను. ఒకనాటి కల వ్యాపారపు పట్టికలో ఒక అంశమైనది. కాని అందువలన ఆ తొలి సభలలోని నవ్వు కృత్రిమమని అనజాలము. పదిమంది మిత్రురాండ్రు అభ్యాసము చేసి, ఒకరు స్వరము తప్పి, ఒకరు కన్నీరు పెట్టుకొని పాడిన పాట అది. వెలకు కొన్నది కాదు.

ఈ పాట పాడినవారి జీవితమును పాటనే అనుసరించినది. రికార్డు వచ్చిననాటికి అవివాహితులైన మత్సుజాకి, ఎత్సుకో 1977లో దంపతులైరి. అంతవరకు ఇతరుల పెండ్లిండ్లను పలికించిన ఆ పాటకు అప్పటినుండి ఇంకొక సాక్ష్యము లభించినది.

నేడు జపానులో పెండ్లిండ్లే తగ్గినవి. 2023లో జరిగిన వివాహములు అయిదు లక్షలకు లోపే; 1972 నాటి సంఖ్యలో సగము కంటె తక్కువ. దస్తావేజుమీద సంతకము చేసి, విందు లేకయే కాపురము పెట్టువారు అనేకులు. కనుక ఈ పాటను ఇప్పుడు విందులలోకంటె జ్ఞాపకములలో ఎక్కువగా వినవచ్చును. రేడియోలో అది వచ్చినచో నడివయస్సువారికి చిన్ననాట మేనత్త పెండ్లిలో తిన్న మిఠాయి జ్ఞాపకము వచ్చును. వృద్ధులకు తమ పెండ్లియే జ్ఞాపకము వచ్చును.

విందుశాలలో వధూవరులు కూర్చుండు ముందరి వేదికను జపాను వారు నేటికిని "తకసాగో" అనియే పిలుతురు. పాటను మరచినను పీటకు ఆ పేరు నిలిచినది. 1973లో ఆ వేదికపై కూర్చుండి, తమ స్నేహితులు ఎదుట నిలిచి అక్షింతల పురుగుల పాట పాడుచుండగా సిగ్గుతో తలలు వంచిన పడుచు జంటలు ఇప్పుడు డెబ్బదియైదేండ్లు దాటినవారు. పైన్ వృక్షము క్రింద ఆకులు ఊడ్చుచు జెయామి చూపిన దంపతుల వయస్సునకు వారును చేరుచున్నారు. వారిలో ఎందరో చేతిలో చీపురు పట్టి, ఆ సరదా పాటనే కూనిరాగము తీయుచుందురు.